పడుతూనే ఉన్నా నేలను తాకని ఉపగ్రహాలు

సంక్షిప్తంగా: భూమి చుట్టూ తిరిగే ఉపగ్రహం గురుత్వాకర్షణకు అందనంత దూరానికేమీ పోలేదు. అది ప్రతి క్షణం భూమి వైపు పడుతూనే ఉంటుంది. పడుతూనే పక్కకు సెకనుకు కొన్ని కిలోమీటర్లు సాగిపోతుంది కాబట్టి నేలను చేరదు. ఆ పక్కవేగం ఒక్క శాతం తగ్గినా కొన్ని కక్ష్యలు నిలవవు. అంతరిక్షం నుంచి శకలాలు ఊళ్ల మీద పడే అరుదైన సందర్భాల వెనుక ఉన్న కారణం, పైన మిగిలిన పలచని గాలి వాటి శక్తిని కొద్దికొద్దిగా హరించడమే.

హైదరాబాద్‌లోని టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఫండమెంటల్ రీసెర్చ్ బెలూన్ కేంద్రం పరిశోధన బెలూన్లు ఎగరవేసే ముందు ఒక ప్రకటన ఇస్తుంది. ఆదిలాబాద్, కరీంనగర్, నిజామాబాద్, వరంగల్ సహా పలు జిల్లాల్లో రంగుల పారాచూట్లకు కట్టిన పెట్టెలు పొలాల్లో దిగవచ్చని, వాటిని విప్పకుండా, ముట్టుకోకుండా పోలీసులకు చెప్పాలని అందులో కోరుతుంది. అయినా అలాంటి పెట్టె ఎక్కడైనా దిగినప్పుడు ఉపగ్రహం కూలిందన్న కబురు ముందుగా పాకుతుంది. ఆ తర్వాత వచ్చే వివరణ అంత దూరం పోదు.

ఈ రెండింటికీ పోలికే లేదు. బెలూన్ 30 నుంచి 42 కిలోమీటర్ల ఎత్తులో తేలేది అక్కడ కొద్దిగానైనా గాలి ఉండబట్టి. ఉపగ్రహం తిరిగేది గాలి దాదాపు లేనిచోట. బెలూన్‌కు గాలి ఆధారం, ఉపగ్రహానికి అదే గాలి శత్రువు. మరి ఏ ఆధారమూ లేని చోట, ఇంజిన్ కూడా ఆపేసిన తర్వాత, టన్నుల బరువున్న యంత్రం ఏళ్ల తరబడి ఎలా నిలుస్తుందన్నది న్యాయమైన సందేహం. దానికి జవాబు పాఠశాల లెక్కలతోనే దొరుకుతుంది.

ఏకశిల గుట్ట మీది రాయి

ఖిలా వరంగల్‌లోని ఏకశిల గుట్ట మీద నిలబడి ఒక రాయిని చేతిలోంచి జారవిడిస్తే, మొదటి సెకనులో అది 4.9 మీటర్లు కిందికి వస్తుంది. అదే రాయిని నేలకు సమాంతరంగా బలంగా విసిరినా, గాలి అడ్డును పక్కన పెడితే, మొదటి సెకనులో కిందికి వచ్చేది ఆ 4.9 మీటర్లే. విసురు ఎంత బలమైనదైనా పడే లెక్క మారదు. రాయి ఎంత దూరం పోయి పడుతుందన్నదే మారుతుంది.

నేల బల్లపరుపుగా ఉంటే కథ ఇక్కడితో ముగిసేది. భూమి గుండ్రంగా ఉంది కాబట్టి ముగియదు. గుట్ట నుంచి హనుమకొండ వేయి స్తంభాల గుడి మీదుగా, ఇంకాస్త ముందుకు, మొత్తం ఎనిమిది కిలోమీటర్ల సరళరేఖ గీస్తే, భూమి వంపు కారణంగా ఆ రేఖ చివర నేల సుమారు ఐదు మీటర్లు కిందికి జరిగి ఉంటుంది. అంటే రాయిని సెకనుకు దాదాపు ఎనిమిది కిలోమీటర్ల వేగంతో విసరగలిగితే, ఒక సెకనులో అది ఎంత కిందికి పడుతుందో, దాని కింద నేల కూడా అంతే ఒంగిపోతుంది. నేలకూ రాయికీ మధ్య ఎత్తు తగ్గదు. రెండో సెకనులోనూ అంతే, మూడో సెకనులోనూ అంతే. పడటం ఆగదు, నేల చేరదు. కచ్చితంగా లెక్కిస్తే ఆ వేగం సెకనుకు 7.9 కిలోమీటర్లు.

ఎత్తయిన కొండ మీద ఫిరంగి పెట్టి గుండును అంతకంతకూ వేగంగా పేలిస్తే ఏమవుతుందని న్యూటన్ వేసిన ప్రశ్న ఇదే. ఆ బొమ్మ ఆయన మరణించాక 1728లో అచ్చయింది. దానిని చేసి చూపడానికి మనిషికి 1957 అక్టోబరు 4 దాకా, అంటే మొదటి కృత్రిమ ఉపగ్రహం స్పుత్నిక్ ప్రయోగం దాకా పట్టింది. 229 ఏళ్ల ఆలస్యానికి కారణం సిద్ధాంతం తెలియకపోవడం కాదు, అంత వేగాన్ని పుట్టించే రాకెట్ లేకపోవడం.

ఎత్తుకు పోయేది గాలిని తప్పించుకోవడానికే

నేల దగ్గర అంత వేగంతో పోయేది ఏదైనా గాలి రాపిడికి మండిపోతుంది. అందుకే ఉపగ్రహాలను గాలి బాగా పలచబడే ఎత్తుకు, మామూలుగా కొన్ని వందల కిలోమీటర్ల పైకి, తీసుకుపోతారు. భూమి ఆకర్షణ నుంచి తప్పించడానికే అంత ఎత్తు అనుకోవడం చాలామంది చేసే పొరపాటు. అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రం తిరిగే 400 కిలోమీటర్ల ఎత్తులో గురుత్వాకర్షణ నేల మీద ఉన్నదానిలో 88 శాతానికి పైగానే ఉంటుంది. అంత ఎత్తు గోపురం కట్టి, దాని మీద 50 కిలోల మనిషిని త్రాసులో నిలబెడితే ముల్లు 44 కిలోలు చూపుతుంది. ఆ మనిషి అక్కడ తేలడు, అడుగు తప్పితే కిందపడతాడు.

అలాంటప్పుడు వ్యోమగాములు ఎందుకు తేలుతున్నారు? కేంద్రం, అందులోని మనుషులు, వాళ్ల నీళ్ల సంచులు అన్నీ ఒకే తీరుగా, ఒకే వేగంతో పడుతున్నాయి కాబట్టి. పాదాల కింది గచ్చు కూడా మనిషితో పాటే పడుతుంటే, పాదం గచ్చును నొక్కదు. బరువు తెలియదు. గురుత్వం లేకపోతే అంతరిక్ష కేంద్రం భూమి చుట్టూ తిరిగేదే కాదు, నేరుగా దూరంగా వెళ్లిపోయేది.

ఎత్తు ఒక్కటే చాలదనడానికి దగ్గరి ఉదాహరణ ఉంది. హైదరాబాద్ సంస్థ స్కైరూట్ 2022 నవంబరు 18న ప్రయోగించిన విక్రమ్-ఎస్ రాకెట్ 89.5 కిలోమీటర్ల ఎత్తుకు చేరి, కొద్ది నిమిషాల్లోనే బంగాళాఖాతంలో పడింది. అది వైఫల్యం కాదు, అనుకున్నట్టే జరిగిన ప్రయోగం. ఆ రాకెట్‌కు పైకి పోయే శక్తిని ఇచ్చారు, కక్ష్యకు కావలసిన పక్కవేగాన్ని ఇవ్వలేదు. దాన్ని అదే తీరుగా 400 కిలోమీటర్లకు పంపినా తిరిగి పడేదే.

ఖర్చును శక్తి లెక్కలో చూస్తే తేడా ఇంకా స్పష్టంగా తెలుస్తుంది. ఒక కిలో బరువును 400 కిలోమీటర్ల ఎత్తుకు చేర్చడానికి సుమారు 3.7 మెగాజౌళ్ల శక్తి కావాలి. అదే కిలోకు ఆ ఎత్తులో కక్ష్యావేగం ఇవ్వడానికి 29 మెగాజౌళ్లకు పైగా కావాలి. దాదాపు ఎనిమిది రెట్లు. నిప్పులు కక్కుతూ నిలువుగా లేచే రాకెట్‌ను టీవీలో చూసి, దాని పని పైకి పోవడమేనని అనుకుంటాం. కొద్దిసేపటికే అది పక్కకు ఒరగడం మొదలుపెడుతుంది, ఇంధనంలో అధిక భాగం ఆ పక్కపరుగుకే ఖర్చవుతుంది. భూమి పడమర నుంచి తూర్పుకు తిరుగుతున్నందువల్ల శ్రీహరికోట నేల తనకు తానే సెకనుకు సుమారు 450 మీటర్ల వేగంతో తూర్పుకు కదులుతోంది. తూర్పు దిక్కుగా వెళ్లే రాకెట్‌కు అది ఉచితంగా దక్కుతుంది.

ఒక్క శాతం లోటు

వేగం ఎంత కచ్చితంగా ఉండాలో 2022 ఆగస్టు 7న ఇస్రో చేసిన చిన్న ఉపగ్రహాల రాకెట్ ఎస్‌ఎస్‌ఎల్‌వీ తొలి ప్రయోగం చూపింది. ఉపగ్రహాలను 356 కిలోమీటర్ల వృత్తాకార కక్ష్యలో పెట్టాలన్నది లక్ష్యం. రెండో దశ విడిపోయే సమయంలో వచ్చిన కంపనాలకు త్వరణాన్ని కొలిచే పరికరాలు క్షణకాలం తప్పు లెక్క చూపాయి. పరికరాలు చెడిపోయాయని భావించిన రాకెట్ కంప్యూటర్ ప్రత్యామ్నాయ పద్ధతికి మారింది. ఫలితంగా ఉపగ్రహాలు 356 కిలోమీటర్ల ఎత్తుకైతే చేరాయి, వేగంలో మాత్రం ఒక శాతానికి అటూ ఇటూగా లోటు పడింది.

ఒక శాతమే కదా అనిపించవచ్చు. ఆ కాస్త లోటుకే కక్ష్య కోడిగుడ్డు ఆకారానికి మారి, ఒక కొన 356 కిలోమీటర్ల వద్దే ఉండగా, భూమికి అవతలి వైపున్న రెండో కొన 76 కిలోమీటర్లకు దిగిపోయింది. 76 కిలోమీటర్ల వద్ద ఉన్న గాలి ఆ వేగానికి గోడలాంటిదే. ఉపగ్రహాలు నష్టపోయాయి. లోపాన్ని సరిదిద్ది 2023 ఫిబ్రవరి 10న చేసిన రెండో ప్రయోగం విజయవంతమైంది.

ఇందులో గమనించాల్సిన సూత్రం ఒకటి ఉంది. కక్ష్యలో ఒకచోట వేగం తగ్గినా పెరిగినా, ఆ ప్రభావం ఎక్కువగా కనిపించేది భూమికి సరిగ్గా అవతలి వైపున. ఇక్కడ వేగం పెంచితే అక్కడ ఎత్తు పెరుగుతుంది. అందుకే దూర కక్ష్యలకు పోయే ఉపగ్రహాన్ని రాకెట్ మొదట సాగదీసిన కక్ష్యలో వదిలేస్తుంది. ఉపగ్రహం దూరపు కొనకు చేరినప్పుడు తన సొంత ఇంజిన్‌ను మండించుకొని దగ్గరి కొనను పైకి లేపుకుంటుంది. 2025 జనవరి 29న శ్రీహరికోట వందో ప్రయోగంలో వెళ్లిన ఎన్‌వీఎస్-02 నావిగేషన్ ఉపగ్రహం ఈ మెట్టు దగ్గరే ఆగిపోయింది. ఇంజిన్‌కు ఆక్సిడైజర్‌ను, అంటే ఇంధనాన్ని మండించే పదార్థాన్ని, పంపే వాల్వు తెరుచుకోలేదు. అలాంటి సాగిన కక్ష్యలో ఉపగ్రహం భూమికి దగ్గరగా వచ్చినప్పుడు సెకనుకు పది కిలోమీటర్ల వేగంతో దూసుకుపోతుంది, 36 వేల కిలోమీటర్లకు పైనున్న కొనలో రెండు కిలోమీటర్ల వేగం కూడా ఉండదు. కక్ష్యలో తిరగడానికి ఇబ్బంది లేదు, అనుకున్న పని చేయడానికే ఆ కక్ష్య పనికిరాదు.

దగ్గరగా ఉంటే తొందర, దూరంగా ఉంటే నిదానం

భూమి నుంచి దూరం పెరిగేకొద్దీ ఆకర్షణ తగ్గుతుంది, దాంతో పాటు కావలసిన వేగమూ తగ్గుతుంది. 400 కిలోమీటర్ల ఎత్తులోని అంతరిక్ష కేంద్రం సెకనుకు 7.67 కిలోమీటర్ల వేగంతో 93 నిమిషాలకు లోపే ఒక చుట్టు పూర్తి చేస్తుంది. ఆ వేగానికి ఆదిలాబాద్ నుంచి హైదరాబాద్ దూరం ముప్పావు నిమిషం లోపు పని. 3,84,400 కిలోమీటర్ల దూరంలోని చంద్రుడు సెకనుకు కిలోమీటరు చొప్పున 27.3 రోజులు తీసుకుంటాడు. మనిషి చేసిన యంత్రానికైనా, చంద్రుడికైనా సూత్రం ఒక్కటే.

సంధ్యవేళ వరంగల్ ఆకాశంలో మిణుకు లేకుండా సాగిపోయే ప్రకాశవంతమైన చుక్క చాలాసార్లు ఈ కేంద్రమే. దానికి సొంత వెలుగు లేదు. కింద చీకటి పడ్డా అంత ఎత్తులో ఇంకా ఎండ ఉంటుంది, ఆ ఎండ తగిలి మెరుస్తుంది. ఒక చుట్టు తిరిగి వచ్చేసరికి కింద భూమి 23 డిగ్రీలు తూర్పుకు జరిగిపోతుంది కాబట్టి, ఇక్కడ మన నెత్తిన దాటిన కేంద్రం మరుసటి చుట్టులో ఒమన్ తీరం మీదుగా పోతుంది.

ఉత్తర తెలంగాణకు ఎక్కువగా పనికివచ్చేవి ధ్రువాల మీదుగా తిరిగే ఉపగ్రహాలు. 2022 జులైలో భద్రాచలం వద్ద గోదావరి 71.3 అడుగులకు చేరినప్పుడు గానీ, 2023 జులైలో ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో ఒక్క రోజులో 64.98 సెంటీమీటర్ల వాన కురిసినప్పుడు గానీ, మామూలు కెమెరాకు పైనుంచి కనిపించేది మబ్బు మాత్రమే. మబ్బును దాటి నేలను చూడగలిగేది రాడార్. 2025 జులై 30న ఇస్రో, నాసా కలిసి పంపిన నైసార్ అలాంటి రాడార్ ఉపగ్రహం. 747 కిలోమీటర్ల ఎత్తులో సుమారు వంద నిమిషాలకు ఒక చుట్టు తిరుగుతూ, ప్రతి 12 రోజులకు మళ్లీ అదే దారికి వస్తుంది.

దీని కక్ష్యలో ఒక చక్కటి ఏర్పాటు ఉంది. భూమి నడుము దగ్గర కాస్త ఉబ్బి ఉంటుంది: భూమధ్యరేఖ వద్ద వ్యాసార్ధం ధ్రువాల వద్ద కన్నా 21 కిలోమీటర్లు ఎక్కువ. ఆ ఉబ్బు లాగుడుకు కక్ష్యాతలం మెల్లగా పక్కకు తిరుగుతుంది. కక్ష్యను భూమధ్యరేఖకు 98 డిగ్రీల వాలులో పెడితే ఆ తిరుగుడు రోజుకు ఒక డిగ్రీకి దగ్గరగా వస్తుంది, అంటే సూర్యుడి చుట్టూ భూమి సాగే తీరుతో సరిపోతుంది. అందువల్ల ఉపగ్రహం ఏ ప్రాంతం మీదుగా వెళ్లినా స్థానిక సూర్యకాలం ఒక్కటే ఉంటుంది, నైసార్‌కైతే ఉదయం ఆరు, సాయంత్రం ఆరు. భూమి ఆకారంలోని ఒక లోపాన్ని ఇంజనీర్లు ఇంధనం ఖర్చు లేని సదుపాయంగా మార్చుకున్న తీరు ఇది.

డాబా మీది డిష్ ఎటు చూస్తోంది

టీవీ ప్రసారాలకు వాడే ఉపగ్రహాలు 35,786 కిలోమీటర్ల ఎత్తులో, భూమధ్యరేఖకు సరిగ్గా పైన ఉంటాయి. అక్కడ వేగం సెకనుకు 3.07 కిలోమీటర్లు. ఒక చుట్టుకు 23 గంటల 56 నిమిషాలు పడుతుంది. భూమి తన చుట్టూ తాను తిరగడానికి పట్టే సమయమూ అంతే. రెండూ కలిసి తిరుగుతాయి కాబట్టి కింది నుంచి చూస్తే ఉపగ్రహం ఆకాశంలో ఒకేచోట మేకు కొట్టినట్టు ఉంటుంది. నిజానికి అది గంటకు 11 వేల కిలోమీటర్ల పరుగులో ఉంటుంది.

హనుమకొండలో ఏ డాబా ఎక్కి చూసినా ఈ సంగతి కళ్లకు కడుతుంది. వరంగల్ 18 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉంది, ఉపగ్రహాలేమో భూమధ్యరేఖ మీద ఉన్నాయి. అందుకే ఏ ఇంటి డిష్ కూడా ఉత్తరానికి తిరిగి ఉండదు. 83 డిగ్రీల తూర్పు రేఖాంశం మీది ఉపగ్రహానికి పెట్టిన డిష్ దక్షిణం నుంచి కొద్దిగా తూర్పుకు, 95 డిగ్రీల మీది దానికి పెట్టినది ఆగ్నేయానికి చూస్తుంది. మొదటి ఉపగ్రహం ఇక్కడి దిగంతం నుంచి 68 డిగ్రీల ఎత్తులో ఉంటుంది. డిష్ అంతగా పైకి చూస్తున్నట్టు కనిపించదు. కారణం, సంకేతాలను అందుకునే భాగాన్ని నడిమధ్యలో కాక కింది అంచు దగ్గర బిగిస్తారు. అందువల్ల పళ్లెం ముఖం కన్నా అది నిజంగా చూసే దిక్కు బాగా పైకి ఉంటుంది.

ఏటా మార్చి రెండో వారం ప్రాంతంలో, మళ్లీ అక్టోబరు మొదట్లో, పగటిపూట కొన్ని నిమిషాలు ప్రసారం చెదిరిపోతుంటుంది. మబ్బు ఉండదు, వాన ఉండదు. ఆ రోజుల్లో సూర్యుడు సరిగ్గా ఉపగ్రహం వెనుకకు వస్తాడు. సూర్యుడి నుంచి వెలువడే రేడియో తరంగాల్లో ఉపగ్రహం పంపే బలహీనమైన సంకేతం మునిగిపోతుంది. డిష్‌ను కదపాల్సిన పని లేదు, కాసేపటికి దానంతటదే సర్దుకుంటుంది.

మేకు కొట్టినట్టు ఉండటం దానంతటదే జరగదు. చంద్రుడు, సూర్యుడు లాగడం వల్ల కక్ష్య ఏటా దాదాపు ఒక డిగ్రీ వరకు వాలుతుంది. భూమధ్యరేఖ కూడా నిక్కమైన వృత్తం కాకపోవడం వల్ల ఉపగ్రహం తూర్పుకో పడమరకో జారుతుంటుంది. ఈ జారుడుకు స్థిరమైన గమ్యాలు రెండే ఉన్నాయి, వాటిలో ఒకటి మనకు దగ్గరిదే: 75 డిగ్రీల తూర్పు, మంగళూరు దగ్గరగా వెళ్లే రేఖాంశం. 83 డిగ్రీల వద్ద ఉన్న ఉపగ్రహాన్ని పట్టించుకోకుండా వదిలేస్తే అది పడమరకు, ఆ రేఖ వైపుకు కదలడం మొదలుపెడుతుంది. దాన్ని చోటు తప్పకుండా ఉంచడానికి చిన్న ఇంజిన్లను అప్పుడప్పుడు మండిస్తారు. మామూలుగా 15 ఏళ్లకు ఇంధనం అడుగంటుతుంది. చివరి కాస్త ఇంధనంతో దాన్ని మరో మూడు వందల కిలోమీటర్లు పైకి నెట్టి, కొత్తదానికి చోటు ఖాళీ చేస్తారు.

కిందికి వచ్చేది ఎందుకు

కొన్ని వందల కిలోమీటర్ల ఎత్తులోనూ గాలి జాడ ఉంటుంది. అది ఉపగ్రహం శక్తిని కొద్దికొద్దిగా హరిస్తుంది. అంతరిక్ష కేంద్రం నెలకు సుమారు రెండు కిలోమీటర్లు కిందికి జారుతుంది, ఇంజిన్లు మండించి మళ్లీ పైకి లేపుతారు. ఇక్కడ మొదటిసారి వినేవారు నమ్మలేని విషయం ఒకటుంది: గాలి అడ్డుకుంటే ఉపగ్రహం వేగం మొత్తం మీద పెరుగుతుంది. అడ్డు తగిలి కిందికి దిగేటప్పుడు ఎత్తులోంచి వచ్చే వేగం, గాలి తీసేసిన వేగం కన్నా ఎక్కువ. 400 కిలోమీటర్ల వద్ద 7.67గా ఉన్న వేగం 200 కిలోమీటర్లకు దిగేసరికి 7.79 అవుతుంది. దిగేకొద్దీ గాలి చిక్కబడుతుంది, చిక్కబడేకొద్దీ ఇంకా దిగుతుంది. చివరికి వంద కిలోమీటర్ల ప్రాంతంలో గాలి దెబ్బకు ఆ వేగమంతా వేడిగా మారిపోతుంది.

సూర్యుడు చురుగ్గా ఉన్న ఏళ్లలో వాతావరణం పైపొరలు వేడెక్కి ఉబ్బుతాయి, ఈ జారుడు ఎక్కువవుతుంది. 77 టన్నుల అమెరికా అంతరిక్ష కేంద్రం స్కైలాబ్ 1979 జులై 11న అనుకున్నదానికన్నా ముందే కూలడానికి కారణం అదే. శకలాలు హిందూ మహాసముద్రంలో, పశ్చిమ ఆస్ట్రేలియాలో పడ్డాయి. ఎక్కడ పడుతుందో తెలియని ఆ వారాల్లో తెలంగాణ పల్లెలు నిజంగా వణికాయి. ఇవే ఆఖరి రోజులని కోళ్లు కోసుకు తిన్న కుటుంబాలు ఉన్నాయి. ఆ భయాన్ని తక్కువ చేసి చూడటం సరికాదు. అగ్రరాజ్యమే పడేచోటు ముందుగా చెప్పలేకపోయింది, పల్లెకు వివరించేవారే లేకపోయారు. 2022 ఫిబ్రవరిలో 210 కిలోమీటర్ల ఎత్తుకు చేర్చిన 49 స్టార్‌లింక్ ఇంటర్నెట్ ఉపగ్రహాల్లో 40 దాకా సౌర తుపాను వల్ల నష్టపోవడానికి కారణమూ వాతావరణం అలా ఉబ్బడమే.

అదే ఏడాది ఏప్రిల్ 2 రాత్రి ఆదిలాబాద్, ఆసిఫాబాద్ సరిహద్దుకు అవతల, మహారాష్ట్రలోని చంద్రాపూర్ జిల్లా సిందేవాహి తాలూకాలో ఒక పెద్ద లోహపు వలయం, గుండ్రని ట్యాంకులు పడ్డాయి. అవి ఉపగ్రహానివి కావు, ఒక చైనా రాకెట్ పై దశవని నిపుణులు గుర్తించారు. ఉపగ్రహాన్ని చేర్చి ఖాళీ అయిన దశ కక్ష్యలోనే మిగిలి, గాలి రాపిడికి క్రమంగా జారి వచ్చింది. రాపిడిలో కాలిపోకుండా నేలకు చేరేవి ఎక్కువగా ఇలాంటి దళసరి లోహపు భాగాలే. ట్యాంకుల్లో విషపూరిత ఇంధనం మిగిలి ఉండే అవకాశం ఉంటుంది కాబట్టి వాటి దగ్గరికి పోకూడదు.

600 కిలోమీటర్ల లోపు వదిలేసినవి సాధారణంగా కొన్నేళ్లలో కిందికి వస్తాయి. 800 కిలోమీటర్ల దగ్గర అదే పని శతాబ్దాల మీద పడుతుంది, అంతకాలం అవి మిగతా ఉపగ్రహాలకు ముప్పే. ఆ ముప్పును తగ్గించడానికి ఇస్రో 2023 మార్చి 7న ఒక పని పూర్తి చేసింది. 2011లో పంపిన మేఘా-ట్రోపిక్స్ ఉపగ్రహం 860 కిలోమీటర్లకు పైన తిరుగుతూ ఆయుష్షు ముగించుకుంది. దానిలో మిగిలిన సుమారు 125 కిలోల ఇంధనంతో కిందికి దించాలని నిర్ణయించారు. ఇంజిన్‌ను నేల వైపుకు నెట్టేలా మండించలేదు. పరుగుకు ఎదురుగా మండించి పక్కవేగాన్ని విడతలుగా తగ్గించారు. ప్రతి విడతకూ దగ్గరి కొన కిందికి దిగి, చివరి మంటలతో 80 కిలోమీటర్ల లోపుకు చేరింది. ఆ తర్వాతి పనిని గాలి పూర్తి చేసింది. ఉపగ్రహం పసిఫిక్ మహాసముద్రం మీద, మనుషుల ఆవాసాలకు దూరంగా విచ్ఛిన్నమైంది.